కరెంటు పోయినప్పుడు చదివిన దరఖాస్తు

మగ్గాల వీధిలో పుట్టినవాళ్ళకు మగ్గం చప్పుడు వినపడదు. అది ఆగినప్పుడే వినపడుతుంది. మొన్న నగరిలో మా ఇంటి గడపలో కూర్చుని అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతుంటే కరెంటు పోయింది. వీధి పొడుగునా పవర్‌లూమ్‌లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరింట్లోదో కుక్కర్ కూత, పక్కింటి ముసలాయన దగ్గు, మిద్దె మీద కాకి గోల, అంతవరకు లేనివన్నీ ఒక్కొక్కటిగా వినిపించసాగాయి. జుట్టులో నూలు పీచుతో జనం బయటికొచ్చి గడపల్లో కూర్చున్నారు. నా చేతిసంచిలో ఒక ఉత్తరం ఉంది. అద్దకం షెడ్ల రంగునీళ్ళను శుద్ధి చేసే తొట్టి మా వీధిలో ఉంది. అది పాతబడిపోయింది. బాగుచేయించడానికి గ్రాంటు అడుగుతూ నేను రాసిన దరఖాస్తుకు, ఇవ్వలేమని వచ్చిన జవాబు ఆ ఉత్తరం. వీధివాళ్ళ ఫోన్ గ్రూపులో రెండు ముక్కలు రాసి పడేస్తే సరిపోతుందని పొద్దుటి నుంచీ నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను. చప్పుడు ఆగగానే ఎస్తేరక్క గుర్తుకొచ్చింది. ఆమే ఉంటే ఈపాటికి నన్ను చెయ్యి పట్టి లేపేది.

ఎస్తేరక్క పలమనేరు మనిషి. పాలసంఘాల ఆడవాళ్ళతో ఊరూరూ తిరిగి, నడివయసులో తిరుపతి వచ్చి, ఒక టిఫిన్ హోటలు మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుని చిన్న సంస్థ పెట్టింది. ఏ ఊరికైనా తాగునీళ్ళో, కాలవ పూడికతీతో, బడికి మరుగుదొడ్లో కావాలంటే, అలాంటి పనులకు డబ్బిచ్చే ట్రస్టులను వెతికి పట్టుకుని దరఖాస్తులు రాయడమే మా పని. మన కాగితాలన్నీ సాంబారు వాసన కొడతాయని ఆమే నవ్వేది. పాల వ్యాను చప్పుడు మీద అరిచి అరిచి అలవాటైన గొంతు. ఆమె గుసగుసలాడినా కింద హోటల్లో వడ్డించేవాళ్ళకు వినపడేది. కళ్ళద్దాలకు తాడు కట్టి మెళ్ళో వేసుకుని, అవెక్కడ పోయాయో మమ్మల్ని వెతకమనేది. కోపం ముక్కు మీదే ఉండేది. కానీ మధ్యాహ్నం సంగటి గిన్నె తెరిస్తే, ఊరుబిండి పచ్చడి ముందు మా అందరికీ పెట్టిందాకా తను ముద్ద ముట్టేది కాదు. సోషల్ వర్క్ చదువు ముగించి, ఇంగ్లీషు బాగా రాస్తానన్న ఒక్క ధీమాతో నేను ఆమె దగ్గర చేరాను. ఊరికే డబ్బు అడగాలంటే నాకు మొహమాటంగా ఉందని చెబితే, "సిగ్గెందుకు పాపా, అడగందే అమ్మైనా పెట్టదు. అడుగు. ఏడ్సి మాత్రం అడగొద్దు," అంది.

నా మొదటి దరఖాస్తు పలమనేరు దగ్గరి ఒక పల్లెకు. ఆవులకు నీటితొట్లు, గడ్డి కోసే యంత్రం కావాలి. నా చదువంతా అందులో ఒలకబోశాను. నిరుపేదలు, నిస్సహాయులు, చీకటిలో మగ్గుతున్నవారు. కన్నీళ్ళు కారని వాక్యం ఒక్కటీ లేదు. ఎస్తేరక్క చదివి బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. "బస్సుకు పద," అంది. ఆ పల్లె పాలకేంద్రం దగ్గర చలిలో శాలువాలు కప్పుకుని ఆడవాళ్ళు పాల వ్యాను కోసం కాచుకుని ఉన్నారు. నా దరఖాస్తును తెలుగులో చెప్పుకుంటూ పొమ్మంది. వాళ్ళు బుద్ధిగా విన్నారు. నేను ముగించేసరికి గంగులమ్మ అనే ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "పాపం, ఏ ఊరోళ్ళు పాపా వాళ్ళు? మనమేమన్నా ఇయ్యల్లా?" అని అడిగింది.

"మీరే మే!" అంది ఎస్తేరక్క.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వాళ్ళు నవ్విన నవ్వుకు కేంద్రం వెనక కట్టేసిన దూడ బెదిరి గంతులేసింది. "మేమా? మేము సీకట్లో యాడ మగ్గతా ఉండాం మే? లైట్లు ఉండాయి గదా!" అని గంగులమ్మ దీపస్తంభం చూపించింది. నేనూ నవ్వక తప్పలేదు. తిరుగు బస్సులో ఎస్తేరక్క తనకిష్టమైన డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, బస్సంతా వినేలా నాకు పాఠం చెప్పింది. "ఎవురి గురించి రాస్తే వాళ్ళ ముందర సదవల్ల. వాళ్ళు తలకాయ వంచుకున్నా, ఎవురో వేరేవాళ్ళు అనుకున్నా, ఆ మాట కొట్టెయ్." ఆ పద్ధతి ఆమె ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. మా మేడమీద నుంచి ఏ దరఖాస్తు పోవాలన్నా ముందు ఆ ఊరి చెవిన పడాల్సిందే.

దీనివల్ల నష్టపోలేదా అంటే, పోయాం. ఏర్పేడు దగ్గర ఒక ఊరికి చెరువు కాలవ బాగుచేసే గ్రాంటు దాదాపు చేతికొచ్చినట్టే అనుకున్నాం. తీరా గడువు ముంచుకొచ్చేసరికి ఊరు ఊరంతా పెళ్ళికి పోయింది. వినేవాళ్ళు లేరు కాబట్టి పంపేది లేదంది ఎస్తేరక్క. గడువు దాటిపోయింది. నీ మొండితనానికో దండం అక్కా అన్నాను. ఆమె చేతిలో పెన్ను విసిరికొట్టి, కాసేపటికి తనే బల్ల కింద దూరి వెతుక్కుంది. ఆ ఊరికి వెళ్ళి క్షమించమని అడిగి వచ్చింది కూడా. ఆమె చేసిందే సరి అని నేను ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

తర్వాత మా నగరి వంతు వచ్చింది. మా నాయనది అద్దకం పని. ఇంటి వెనక షెడ్డులో నూలుకు రంగు వేసి మగ్గాలకు ఇచ్చేవాడు. అమ్మ మగ్గాలు చూసుకునేది. తొట్లలో మిగిలిన రంగునీళ్ళు వీధి కాలవలోకి పోయేవి. ఆ కాలవ చూసి ఈరోజు ఏ రంగు చీరలో చెప్పడం చిన్నప్పుడు మాకొక ఆట. కొన్నేళ్ళకు ఆ రంగు పల్లపు వీధి బావిలో తేలింది. చేదిన బిందెలో నీళ్ళు గులాబీరంగులో ఉంటే ఇక ఆటెక్కడిది? పిల్లలకు ఒళ్ళంతా దద్దుర్లు. నీళ్ళు కొనుక్కోలేని ఇళ్ళు ఆ నీళ్ళే తాగేవి. రంగునీళ్ళను పట్టి శుద్ధి చేసే తొట్టి ఒకటి కట్టాలి, లేదంటే అద్దకాలు మూసెయ్యాలి. అద్దకాలు మూస్తే మగ్గాలకు నూలు లేదు. నీళ్ళో కూడో ఒకటే దక్కుతుందన్నట్టుగా ఉండేది మా వీధి పరిస్థితి.

బెంగళూరులో ఒక ఫౌండేషన్ ఆసక్తి చూపించింది. అక్కడి అధికారి మంచివాడే. "మేడమ్, నీళ్ళు పాడుచేసినవాళ్ళ పేర్లు, ఫొటోలు పెట్టండి. దోషులెవరో బాధితులెవరో స్పష్టంగా ఉంటే మా కమిటీ వెంటనే ఒప్పుకుంటుంది," అన్నాడు ఫోన్లో. దోషుల్లో మొదటి పేరు మా నాయనదే అవుతుంది. ఎస్తేరక్క ఫోను పెట్టేసి నా ముఖం చూసింది. "నువ్వే రాయల్ల పాపా. దాయొద్దు, తిట్టొద్దు. ఉండేది ఉన్నట్టు రాయి," అంది. పేర్లు లేకుండా, ఫొటోలు లేకుండా, కానీ ఏదీ దాచకుండా రాశాను. రాయడం ఒక ఎత్తు, మా నాయన ముందు చదవడం ఒక ఎత్తు.

నగరిలో జనాన్ని కూర్చోబెట్టడం మాటలు కాదు. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. అప్పట్లో పగటిపూట కరెంటు కోత ఉండేది. ఆ వేళ కనుక్కుని ఎస్తేరక్క బస్సు దిగింది. మగ్గాలు ఆగాయి, జనం గడపల్లోకి వచ్చారు. పల్లపు వీధి ఆడవాళ్ళు కూడా వచ్చారు, చంకన పిల్లలతో. నాయన తొట్ల దగ్గర నుంచి అలాగే వచ్చి, మోచేతుల దాకా నీలంతో అందరికంటే ముందు గొంతుక్కూర్చున్నాడు. బావి గురించి, దద్దుర్ల గురించి బాగానే చదివాను. ఈ రంగు మా వీధి అద్దకం తొట్ల నుంచే వస్తోంది అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎస్తేరక్క కాగితం అందుకుంటుందేమోనని చూశాను. అందుకోలేదు. కొంగుతో విసురుకుంటూ నిలబడింది.

"సదువు మే," అన్నాడు నాయన. నేను తల ఎత్తలేదు. "నా సేతులు సూసినోళ్ళకి తెలీదా ఆ రంగు యాడిదో? సదువు."

చదివాను. పల్లపు వీధి పుష్ప, చంకలో బిడ్డను సర్దుకుంటూ, "తెలిసీ ఇన్నేండ్లు యాంటికి ఊరుకుంటివి మామా?" అని అడిగింది. అరిచి అడిగి ఉంటే నాయన కూడా అరిచేవాడేమో. ఆమె మెల్లగా అడిగింది. నాయన చేతులు చూసుకుంటూ, "ఏం సెయ్యాల్నో తెలీక మే. నేను ఆపితే మీ ఇండ్లల్లో మగ్గాలూ ఆగిపోతాయి గదా," అన్నాడు. వెనక్కి చెయ్యి చూపించి, "మా షెడ్డు యెనకాల జాగా ఉండాది. ఆ తొట్టి ఆడ కట్టండి. గుంత మా అద్దకమోళ్ళమే తవ్వతాం," అన్నాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఇళ్ళల్లో మోటార్లు గుయ్యిమన్నాయి. ఇక ఎవరి మగ్గం దగ్గరికి వాళ్ళు పోతారు, నా చదువు ఇంతే అనుకున్నాను. అమ్మ లేచి లోపలికి పోనే పోయింది. మరుక్షణం మా ఇంటి మోటారు ఆగింది. అమ్మ బయటికొచ్చి మళ్ళీ తన చోటులో కూర్చుంది. ఆమెను చూసి పక్కింటివాళ్ళు లేచారు, వాళ్ళను చూసి ఎదురింటివాళ్ళు. కరెంటు ఉండగా మా వీధి మగ్గాలు ఆపుకుని కూర్చోవడం నేను పుట్టాక చూడడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. మిగతాదంతా ఏడుస్తూనే చదివాను. "ఏడ్సి అడగొద్దని సెప్తి గదా," అని ఎస్తేరక్క బస్టాండు దాకా నన్ను వెక్కిరిస్తూనే ఉంది.

ఆ గ్రాంటు రాలేదు. నీళ్ళు పాడుచేసినవాళ్ళే జాగా ఇచ్చే సంగతి ఆ కమిటీకి అర్థం కాలేదో, నచ్చలేదో. ఫోన్లో చెప్పేద్దామన్నాను. ఎస్తేరక్క అగ్గి మీద గుగ్గిలమైంది. "అడిగేటప్పుడు వాళ్ళ ముందర సదివితిమి. లేదన్నప్పుడు దాక్కుందామా?" మళ్ళీ కరెంటు కోత, మళ్ళీ అదే గడప. ఈసారి తనే చదివింది, వచ్చీరాని ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ. చదివి మడిచి, "ఇయ్యలేదు. మనం అడిగింది తప్పు కాదు. ఇంకో సోట అడగతాం," అంది. నాయన లేచి ఆమెను షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. గుంత అప్పటికే తవ్వి ఉంది. డబ్బు వస్తుందో రాదో తెలియకుండానే తవ్వేశారు. అంత గొంతున్న మనిషి ఆ గుంత అంచున మాట లేకుండా నిలబడిపోయింది. తర్వాత ఇంకొక ట్రస్టు మనిషి వచ్చి ఆ గుంతను చూశాడు. వాళ్ళు ఇచ్చారు, తొట్టి లేచింది. బావి తేటపడడానికి మాత్రం చాలా వానలు కురవాల్సి వచ్చింది.

ఎస్తేరక్క పోయి కొన్నేళ్ళయింది. పలమనేరులో సమాధి చేసిన రోజు పాలసంఘాల ఆడవాళ్ళు కేంద్రంలో పాలు పోసి, నేరుగా అక్కడికే వచ్చారు. ఆ రెండు గదుల్లో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. దరఖాస్తులన్నీ కంప్యూటర్లోనే. చివరి రోజున వెబ్‌సైటు మొరాయించడం మామూలే. ఇది ఎవరికైనా చదివి వినిపించారా అని ఏ ట్రస్టూ అడగదు. ఆమె అంత మొండిగా అన్నిసార్లూ ఉండలేను. కానీ చదవకుండా పంపిన రోజు సంగటి గొంతు దిగదు. ఆమె నాకిచ్చిపోయిన ఆస్తి ఇదే, కాస్త బరువైనదే.

మొన్న ఆ గడపలో కాఫీ గ్లాసు పక్కన పెట్టి, అమ్మ గ్లాసు తీసుకుని లోపలికి పోతుండగా లేచి నిలబడ్డాను. అద్దకం మానేసి ఎంత కాలమైనా గోళ్ళ అంచుల్లో నీలం పోని నాయన, అరుగు మీది నుంచి నా వైపు చూశాడు. పుష్ప కూడా వచ్చింది, ఎదిగిన కూతురితో. ఉత్తరం తీసి, "మన తొట్టి బాగుచెయ్యడానికి ఇయ్యలేదంట," అని మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చదివానో లేదో కరెంటు వచ్చింది. మోటార్లు గుయ్యిమన్నాయి. అలవాటు కొద్దీ ఆగిపోయాను. మా ఇంట్లో నుంచి స్విచ్చు ఆపిన చప్పుడు, దాని వెనకే అమ్మ గొంతు.

"ఆపేసినాంలే మే, నువ్వు సదువు."