ప్రెసిడెంటుగారికి రెండో ప్లేటు

తాళ్లూరి కృపాదానం మాస్టారు బాపట్ల దగ్గర బళ్లో సోషలు చెప్పి రిటైరైన మనిషి. ముగ్గురు కొడుకులు పుడితే ముగ్గురికీ అమెరికా ప్రెసిడెంట్ల పేర్లే పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? ఎవరి ప్రెసిడెంటు నడవడిక వాళ్లకి రావాల్సిందేనన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. పెద్దాడు లింకన్‌కి ఉక్కపోసే మే నెలలోనూ గడ్డం తీసే వీల్లేదు. చిన్నాడు కార్టర్ చేత వేరుశనగ వేయించాడు, ఆ ప్రెసిడెంటుదీ వేరుశనగ సేద్యమేగా! నడిపోడు కెన్నెడీకి మాత్రం ఉపన్యాసమూ రాలేదు, క్రాఫూ నిలవలేదు. వచ్చిందల్లా ఆ ప్రెసిడెంటుగారి నడుంనొప్పి ఒక్కటే.

అదీ ఊరికే రాలేదు పాపం. ఐర్లండ్‌లో నేస్ అనే ఊళ్లో ఓ నర్సింగ్ హోంలో కేరర్ పని. ముసలివాళ్లని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి చేర్చీ చేర్చీ నడుం పట్టేసింది. ఫోన్లో ఆ సంగతి విని మాస్టారు "వచ్చిందా! నే చెప్పలా?" అని సంబరపడ్డాడు. కన్నకొడుకు నడుం పడిపోతే సంబరపడే తండ్రిని ఏమనాలో మీరే చెప్పండి.

మాస్టారిది ఇంకో శాసనం ఉంది. అబద్ధాలాడిన ప్రెసిడెంట్లు ఏమయ్యారో లోకమంతా చూసింది కాబట్టి, ఆయన కొడుకులు మాత్రం ఆడకూడదు. "ఆడావో, పేరు వెనక్కి తీసేసుకుంటా" అనేవాడు. నలభై దాటినా కెన్నెడీకి ఆ భయం పోలేదు. ఒంట్లో బాగానే ఉండి సిక్ లీవు పెట్టిన పాపాన పోలేదు. భార్య విజయరాణి తల బాదుకునేది అందుకే.

అలాంటివాడికి నోరీన్ తగిలింది. ఎనభై నాలుగేళ్ల ముసలమ్మ. పడిపోయిందని పొలం దగ్గరి ఇంట్లోంచి తీసుకొచ్చి హోంలో చేర్చారు. వచ్చిన కాడినుంచీ ముద్ద ముట్టదు.

"అన్నయ్యా, ఇవాళ కూడా తినకపోతే హాస్పిటల్‌కి పంపేస్తామంటున్నారు," అంది నర్సు దేవకుమారి. "ఈ ఓపికతో వెళితే తిరిగొస్తుందని నాకు నమ్మకం లేదు. నువ్వోసారి చూడు."

కెన్నెడీ ట్రే పట్టుకెళ్లాడు. గోడమీద మూడు పటాలు. ఏసుప్రభువు, పోపుగారు, మధ్యలో ఎవరనుకున్నారు? కెన్నెడీ ప్రెసిడెంటు! బాపట్లలో వాళ్లింట్లోనూ ప్రభువు పక్కన అదే పటం. బిత్తరపోయి చూస్తూ ట్రే దించబోయి, "అమ్మా" అని నడుం పట్టుకున్నాడు. ముసలమ్మ ఆ నడుం చూసింది, చొక్కా మీద బ్యాడ్జీ చూసింది, పటం చూసింది.

"ఇన్నాళ్లకా రావడం?" అంది.

ఎప్పుడో ఆ ప్రెసిడెంటు ఐర్లండ్ వచ్చినప్పుడు ఈవిడ కొత్తకోడలట. కారు మన రోడ్డునే వస్తోందని ఎవడో గాలికబురు మోసుకొస్తే, శాండ్‌విచ్‌లు చేసి, కేకు కాల్చి, చీకటి పడేదాకా గేటు దగ్గర నిలబడిందట. కారు ఆ దారే పట్టలేదు.

"నేను ప్రెసిడెంటుని కాదమ్మా. కేరర్‌ని," అని కెన్నెడీ అప్పుడే చెప్పేశాడు. శాసనం కదా!

"దిగిపోయాక ఎవరైనా ఏదో పని చూసుకోవాల్సిందేగా," అంది ఆవిడ జాలిగా. "కూర్చో. ముందు నువ్వు తిను. నువ్వు తినకుండా నేనెలా తింటాను?"

ఇంటికొచ్చినవాళ్లు తినందే ఇల్లాలు తినడమా! కెన్నెడీకి చనిపోయిన తల్లి గుర్తొచ్చింది. ఆవిడ ఊగే కుర్చీలో కూర్చుని రెండు బంగాళాదుంపలు తిన్నాడు. అప్పుడు ముసలమ్మ మిగతాదంతా ఊడ్చిపెట్టి తినేసింది.

నాలుగు రోజులు బానే గడిచాయి. కానీ పేషెంటు తిండి కేరర్ తినకూడదని రూలుంది. మేనేజర్ పిలిచాడు.

"అమెరికా ప్రెసిడెంటునని చెప్పావా?"

"లేదు సార్. కాదనే రోజూ చెబుతున్నా. పదవి పోయిన దిగులనుకుంటోంది."

ఇక ఆ గదిలోకి వెళ్లొద్దన్నాడు మేనేజర్. ముసలమ్మ మళ్లీ మూతి బిగించింది. చివరికి ఆయనే ట్రే పట్టుకెళితే, "నువ్వెవరు?" అంది. మేనేజర్‌నన్నాడు. "మీలాంటివాళ్లకి వంటింట్లో పెడతాం, అక్కడికెళ్లు," అంది. ఆ మర్నాటి నుంచి నోరీన్ గదికి రెండు ప్లేట్లు. రెండోది ప్రెసిడెంటుకని మేనేజరే వంటవాళ్లకి చెప్పాడు. పక్కగది తాతయ్య రోడ్డుమీద గుంటల గురించి అర్జీ పట్టుకొచ్చాడు. "నా చేతుల్లో లేదండీ," అన్నాడు కెన్నెడీ. అందులో అబద్ధమేముంది?

విజయరాణి నోట్లో మాట దాగదు. సంగతి మాస్టారికి చేరిపోయింది. సరిగ్గా భోజనం వేళకి వీడియో కాల్.

"ఏరా! దొంగ ప్రెసిడెంటు వేషం కట్టావంటగా? పేరు తీసేయనా?"

"ఎవరది?" అంది నోరీన్.

"మా నాన్న."

ఆవిడ గబగబా జుట్టు సర్దుకుంది. "ప్రెసిడెంటుగారి తండ్రా! అయ్యా, భోంచేశారా?"

మాస్టారి కోపం మధ్యలో ఆగిపోయింది. "చేశానమ్మా, ఇప్పుడే," అన్నాడు బళ్లో ఇంగ్లీషులో.

"ఏం తిన్నారు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు. వెనకనుంచి కార్టర్ అందుకున్నాడు. "పొద్దుటినుంచీ ఏం తిన్లేదన్నా! అమ్మ పోయిన కాడినుంచీ ఇదే వరస. అడిగితే తిన్నానంటాడు."

"అబద్ధం, నాన్నా!" అనేశాడు కెన్నెడీ. ఎవర్నంటున్నాడో అన్నాక తెలిసింది.

కొడుకు ఇంగ్లీషులో చెప్పకముందే ముసలమ్మకి అర్థమైంది. ఫోర్కు కింద పెట్టేసింది. "ఆయన తిననిదే నేను తినను."

మాస్టారు వెనక్కి తిరిగాడు. "కార్టరూ, కంచం తేరా," అన్నాడు. పెరుగన్నం వచ్చింది. తలొంచుకుని కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకునేసరికి కళ్లవెంట నీళ్లు కారాయి.

"కారం ఎక్కువైందిరా," అన్నాడు.

పెరుగన్నంలో కారమేంటని కెన్నెడీ అడగలేదు. నోరీన్ ఫోర్కు అందుకుంది.