లప్పం గీకిన రోజు

మొన్న ముసురులో మనవరాలితో ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి పోతావుంటే ముందద్దానికి ఆవిరి పట్టి దారి కనపడలా. ఆటో ఆయన చెయ్యి బయటపెట్టి తుడుస్తానే ఉన్నాడు. లోపల తుడువు నాయనా అన్నాను. నీకెట్ట తెలుసవ్వా అని మనవరాలు నవ్వింది. అద్దాలు తుడిచి బతికినదాన్ని, నాకు తెలవదా? నాకు సంతకం దాకానే వచ్చు గనక, నేను చెప్తావుంటే ఆ పిల్లే ఇది రాస్తావుంది.

మా ఆయన వడ్రంగి. నెల్లూరులో ఒక పాత లైబ్రరీలో తాటాకు పుస్తకాలు నలుగురూ చూసేటట్టు పెట్టేదానికి అద్దాల పెట్టె చేసినాడు. ఇది నిలబడితే మిగతా పెట్టెలన్నీ మీకేనన్నాడు లైబ్రరీ అయ్యవారు, ఆ పని మీదే మా ఇల్లు నడవాల. ఉప్పుగాలి తగిలితే ఆకు చెడుతుందని అయ్యవారు చెప్పినందుకు, చీమ దూరే సందు లేకుండా చుట్టూ లప్పం పెట్టి బిగించినాడు మా ఆయన, ఆ పనితనం చూసుకోని నేనూ మురిసినాను. బిగించింది మాత్రం ముసురు రోజుల్లో.

ఆ లైబ్రరీలో రోజూ అద్దం తుడిచే పని నాది. నాలుగోనాడు ఎంత తుడిచినా మసక పోలా, చూస్తే చెమ్మ లోపలుండాది. అయ్యవారేమో పెళ్లికని బుచ్చిరెడ్డిపాలెం పోయినాడు. ముట్టుకోబాకమ్మా, నీ మొగుడి పని పోతుందన్నాడు వాచ్‌మన్. ఇంటికి పోయి చెప్తే మా ఆయనా ఆ మాటే అన్నాడు.

మా నాయన విడవలూరు దిక్కు సముద్రపొడ్డున పడవలు చెక్కేవాడు. అక్కడ చేపలు బాగా ఎండకముందే కుండలో పోసి మూత బిగిస్తే బూజొస్తుందని చిన్నపిల్లకి కూడా తెలుసు, నోటికి పల్చటి గుడ్డ కట్టి గాలాడనిస్తారు. అది తలుచుకోని తెల్లారినాక పోయి, మా ఆయన ఉలితోనే లప్పం గీకి మూత లేపినాను.

అయ్యవారు వచ్చి చూసి, నేను చేపల కుండ సంగతి చెప్తే మండిపడినాడు.

“ఏందమ్మే, ఇది గ్రంథమనుకున్నావా, మీ ఊరి ఎండుచేపల కుండనుకున్నావా?”

“తడి లోపలుంటే రెండూ ఒకటే అయ్యా.”

అయ్యవారు కట్ట విప్పి ఒక్కో ఆకూ ఎత్తి చూసినాడు. రెండాకుల అంచున పిండి చల్లినట్టు తెల్లగా బూజు. కండువా కొసతో ఆయనే తుడిచి, నీ మొగుణ్ణి బరమా తీసుకోని రమ్మను, అడుగున రెండు బెజ్జాలు వెయ్యాల అన్నాడు. ఆ పెట్టెకే కాదు, తర్వాత చేసిన అన్నిటికీ బెజ్జాలేసి పల్చటి గుడ్డ బిగించినాము. మా ఆయన పోయినాక ఆ పెట్టెల తాళాలు నా చేతికే ఇచ్చినాడు అయ్యవారు.

ఇప్పుడు కొత్త పెట్టెలొచ్చినాయి, లోపల చెమ్మెంతుందో చెప్పే మిషన్లంట, చెడిపోతే మద్రాసు నుంచి మనిషి రావాలంట. మంచిదే, ఆకు బతికితే చాలు. పోయినేడు పోయి చూస్తే ఒక పిల్ల అద్దం తుడుస్తావుంది. లోపలెట్టుందమ్మా అని అడిగినాను. నన్నెవరడుగుతారవ్వా, నా పని పైన తుడిచేదే అనింది.