ఆ సీలు నేనే వేశాను

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు లారీ వెనక నుంచి దూకాను. కాళ్లు నేలకు ఆనగానే కళ్లు తిరిగాయి. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. నెత్తిన ఎండ కొడుతోంది, చేతివేళ్లు మాత్రం కొంకర్లు పోతున్నాయి. చుట్టూ ఒక్క గడ్డిపోచ లేదు. బూడిదరంగు కొండలు, ఒక రేకుల షెడ్డు, సగం నేలలోకి దింపిన నాలుగు బంకర్లు, పద్దెనిమిది లారీలు. నా భుజాన కిట్‌బ్యాగు, చేతిలో పానాల పెట్టె. నేను వెహికల్ మెకానిక్‌ని. తుపాకీ కూడా ఇచ్చారు. రెండేళ్లలో దాన్ని తుడవడం తప్ప చేసిందేమీ లేదు.

ఇది ముందే చెప్పడం మంచిది. ఇప్పుడు నేను తార్నాకలో ఉంటున్నాను. యూనివర్సిటీ బండ్ల షెడ్డులో ఉద్యోగం. పొద్దున క్యాంపస్‌లో నడకకు వచ్చే పెద్దమనుషులు నన్ను ఆపి, శత్రువును కళ్లారా చూశారా అని అడుగుతారు. చూడలేదు. నేను చూసింది డీజిలు, గ్రీజు, మంచు. అది విని మొహాలు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకుంటే నేనేం చేయను?

షెడ్డు ముందు ఒక డ్రైవర్ బంపర్ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నా పెట్టె మీద రాసిన పేరూ ఊరూ చదివి ఎగిరి లేచాడు.

"లాలాగూడనా? రైల్వే క్వార్టర్లా? అరే, మాది పక్కనే, సీతాఫల్‌మండే అన్నా! గీడ తెలుగు మాట్లాడక ఆర్నెల్లాయె. నోరు తుప్పు పట్టింది."

ఆ పూట నుంచి నేను అన్నను, అతను తమ్ముడు. పేరు రాయొద్దన్నాడు, అందుకే రాయడం లేదు. పదకొండేళ్ల సర్వీసు. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. ఆ సంగతి రోజుకోసారి చెప్పేవాడు, మేం రోజూ వెక్కిరించేవాళ్లం.

ఇక పంపు సంగతి. లారీ ఇంజిన్‌కు డీజిల్ కొలిచి కొట్టేది పంపు. దాని మీద ఒక స్క్రూ ఉంటుంది. ఎంత డీజిల్ పోవచ్చో దానికి హద్దు ఆ స్క్రూయే. దాన్ని కాస్త తిప్పితే డీజిల్ ఎక్కువ పోతుంది, బండికి బలం పెరుగుతుంది. లారీలవాళ్లు దీన్ని పంపు పెంచడం అంటారు. ఎవరూ తిప్పకుండా దాని మీద ఒక తీగ చుట్టి, సీసపు సీలు నొక్కుతారు. నొక్కే పటకారు మెకానిక్ దగ్గర ఉంటుంది. అతని నంబరు సీసం మీద పడుతుంది.

కింద మైదానంలో పంపు పెంచితే ఏదో గడిచిపోతుంది. ఎత్తులో అలా కాదు. గాలి పలచన. డీజిల్ ఎంత పోసినా కాలడానికి గాలి లేకపోతే వచ్చేది నల్లపొగ, వేడి. ఆ వేడికి పిస్టన్ కరుగుతుంది. ట్రైనింగులో మొదటి వారమే చెప్పారు. నాకు తెలుసు. ఇది చదువుతున్నంతసేపూ ఆ మాట మరిచిపోవద్దు. నాకు తెలుసు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఇంజిన్ మీద చెయ్యి పెట్టిన మెకానిక్ మొదటి చఢావుకు, అంటే కొండెక్కే మొదటి ప్రయాణానికి, అదే బండి కేబిన్‌లో కూర్చోవాలి. ఏ పుస్తకంలోనూ రాసి లేదు. తన ప్రాణం కూడా బండిలోనే ఉంటే నట్లు సరిగ్గా బిగిస్తాడని పాతవాళ్లు పెట్టుకున్న పద్ధతి.

నేను వచ్చిన పదకొండో నెలలో పై పోస్టుకు మనుషులనూ కిరోసిన్‌నూ చేర్చాలని ఆర్డర్ వచ్చింది. మంచు పడి దారి మూసుకుపోయే లోపు చేరాలి. దారిలో కనుమ పదహారు వేల అయిదు వందల అడుగులు. అంతకుముందు రోజు రెండు లారీలు ఎక్కలేక మధ్యలోనే నిలబడిపోయాయి. మధ్యాహ్నం రెండు గంటలకు మా పై అధికారి సుబేదార్ సాబ్ షెడ్డుకు వచ్చాడు.

"రేపు ఏడింటికి బయలుదేరి పదకొండుకల్లా పైన ఉండాలి. పోయే ఆరు బండ్లకూ పంపు పెంచు," అన్నాడు హిందీలో.

"సాబ్, పైన గాలి లేదు. ఇంజిన్ కాలిపోతుంది."

"పావు చుట్టే కదా."

"అయితే రాసి ఇవ్వండి సాబ్."

ఆయన నవ్వాడు. "రాసి ఇవ్వాలా? నీ సెలవు కాగితం కూడా నేనే రాయాలి. గుర్తుందా?"

గుర్తుంది. పదకొండు నెలలుగా ఇంటి మొహం చూడలేదు. పానా తీశాను. ఇంతకంటే సంజాయిషీ నా దగ్గర లేదు. సెలవు కోసం తిప్పాను.

సాయంత్రం అయిదున్నరకు ఆరు పంపులూ అయ్యాయి. ఒక్కోదానికి పావు చుట్టు. నట్టు బిగించాను. కొత్త తీగ చుట్టాను. పటకారుతో సీలు నొక్కాను. సీలు వేయమని నాకెవరూ చెప్పలేదు. అలవాటు. పని చేసి సీలు వేయకుండా లేస్తే నా చేతులు ఊరుకోవు. నా శుభ్రమైన పని తగలెయ్యా!

తెల్లవారి ఏడు గంటలు. సున్నాకు తొమ్మిది డిగ్రీలు దిగువ. తమ్ముడిది నాలుగో బండి. వెనక పదిమంది జవాన్లు. స్టార్ట్ చేసి ఒక్కసారి రేజ్ చేయగానే షెడ్డంతా నల్లగా కమ్ముకుంది. అతని మొహం వెలిగిపోయింది.

"ఏం దమ్మున్నదే అన్నా! దా, ఎక్కు."

"సాబ్ ఉండమన్నాడు. ఇంకా బండ్లు చూడాలట."

"ఇప్పినోడే ఎక్కకపోతే ఎట్లనే?"

"పోయి రా. ఫుల్లుగా తొక్కకు."

"తొక్కొద్దంటే పంపెందుకు పెంచినవ్?" అని నవ్వుతూ గేరు వేశాడు.

ఎక్కలేదు. సుబేదార్ ఉండమన్న మాట నిజమే. ఆ మాట విని నా కడుపు చల్లబడిన మాట కూడా నిజమే.

తొమ్మిదీ నలభైకి రేడియో పలికింది.

"నాలుగో బండి ఇంజిన్ ఆగింది. ఓవర్."

"గేరులో ఉందా? ఓవర్."

"లేదు. గేరు మారుస్తుండగా ఆగింది. వెనక్కి జారుతోంది. మనుషులు దూకుతున్నారు."

తర్వాత నలభై సెకన్లు ఏమీ లేదు. గడియారం చూస్తూ నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

"ఆగింది. డ్రైవర్ ఇరుక్కున్నాడు. ఓవర్."

రికవరీ బండిలో నేను అక్కడికి చేరేసరికి పదకొండూ అయిదు. రోడ్డుకు ఎడమన లోయ, కుడిన కొండ. అంతకుముందు జరిగింది ఇది. ఇంజిన్ చచ్చింది. ఇంజిన్ నింపే గాలితోనే బ్రేకులు పడతాయి, ఆ గాలి అయిపోతోంది. అతను దూకి ఉండవచ్చు. దూకలేదు. బ్రేకు తొక్కిపట్టి, స్టీరింగు తిప్పి, బండి తోకను కొండకేసి కొట్టాడు. పదిమందీ బతికారు. బండి గిర్రున తిరిగి అతని వైపు తలుపు బండరాయికి గుద్దుకుంది. కుడికాలు మోకాలి దాకా రేకుల్లో నలిగిపోయింది. రేకు కోయడానికి గంటా పది నిమిషాలు పట్టింది. కోసింది నేనే.

"అందరు దిగిన్రా అన్నా?" అని నాలుగుసార్లు అడిగాడు. ఇంకేమీ అడగలేదు.

అయిదో రోజు విచారణ. ఒక టెంటు, ఒక బల్ల, ముగ్గురు ఆఫీసర్లు. విప్పి తెచ్చిన పంపు బల్ల మీద ఉంది. సుబేదార్ నా ఎడమ పక్కన నిలబడ్డాడు.

"సీలు ఉందా?"

"ఉంది సాబ్."

"నంబరు నీదేనా?"

"నాదే సాబ్."

అంతే. పాత సీలు మీద ఉన్నదీ నా నంబరే. కొత్తదెప్పుడు పడిందో సీసం చెప్పదు. సీలు చెక్కుచెదరలేదు కనుక పంపును ఎవరూ ముట్టలేదు. పంపును ఎవరూ ముట్టలేదు కనుక ఇంజిన్ కాలడానికి కారణం డ్రైవర్ బండి నడిపిన తీరు. అలా రాశారు. డ్రైవర్ నిర్లక్ష్యం. నేను సెల్యూట్ చేసి బయటికి వచ్చాను. ఆ తర్వాత మూడో రోజు నా సెలవు మంజూరైంది. నన్నెవరూ అడగలేదు కదా అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఛీ! అడగాలా? నోరు లేదా నాకు?

సర్వీసు ముగించుకుని వచ్చాక కూడా తార్నాక నుంచి సీతాఫల్‌మండి వెళ్లడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మధ్యలో ఉన్నది క్యాంపస్ ఒక్కటే. ఆదివారం పదింటికి తలుపు కొట్టాను. చంక కింద కర్రలతో వచ్చి అతనే తీశాడు. నిలబడే చెప్పేశాను. పావు చుట్టు, సెలవు, సీలు, అన్నీ.

"నాకెర్కే అన్నా," అన్నాడు. "పొగ జూసిన్నాడే ఎర్కైంది."

"మరి విచారణవాళ్లు ఆస్పత్రిలో అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే ఎవడు నమ్ముతడు? సీలున్నది గద. నువ్వు చెప్తవని చూసిన."

తిట్టి ఉంటే బాగుండేది. నన్ను కూర్చోబెట్టి లోపలికి కేక వేశాడు. కూతురు వచ్చింది. మా యూనివర్సిటీలోనే చదువుతోంది.

"దీని నాయినకు నడపరాక పది మందిని సంపబోయిండని బస్తీలందరంటరన్నా. గిది గూడ గదే ఇనుకుంట పెరిగింది. గిప్పుడు చెప్పింది దీని ముందట మల్ల చెప్పు."

చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది. ఆ పిల్ల చివరిదాకా విని ఒకే మాట అడిగింది.

"మీరు బయటికొచ్చి ఏడాదిన్నర అయితుంది కదా అంకుల్. ఇన్ని దినాలు ఏం చేసిన్రు?"



అదే వారం జరిగిందంతా మూడు పేజీలు రాసి ఆర్మీ ఆఫీసుకు పంపాను. మళ్లీ రాశాను. నాలుగోసారికి జవాబు వచ్చింది, ఒక్క వాక్యం. విచారణ ముగిసింది, ఫైలు తెరవడం కుదరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తప్పు అతనిది కాదు. చెప్పినవాడిది, చేసిన నాది. మొన్న కూడా ఒక టిప్పర్ డ్రైవర్ మా షెడ్డుకు వచ్చి, కాస్త పంపు పెంచు అన్నా, అని నవ్వుతూ అడిగాడు. చేతిలో పానా విసిరికొట్టాను. పాపం, అతనికేం తెలుసు.

ఆ ఆదివారం తమ్ముడు వద్దన్నా వినకుండా నన్ను దింపడానికి ఆటోలో వచ్చాడు. తార్నాక సిగ్నల్ ముందు ఎత్తు మీద ఆగాం. మా ముందు ఇసుక లారీ. పచ్చలైటు పడగానే నల్లపొగ కక్కింది, కదలలేక జానెడు వెనక్కి జారింది. అతను కూతురి పరీక్షల గురించి ఏదో చెబుతున్నాడు, మాట ఆపలేదు. కుడితొడ మాత్రం కిందికి బిగుసుకుంది. మోకాలి దగ్గర మడిచి పిన్ను పెట్టిన ఖాళీ ప్యాంటు వణుకుతోంది. లారీ ముందుకు పోయేదాకా ఆ తొడ అలా తొక్కుతూనే ఉంది.