తోడేళ్ళ పందిరి

క్వేటీ బేర్‌పాకు డెబ్బై దాటాయి గానీ గోత్రం లేదు. అది తల్లి నుంచి రావాలి. ఆమె తల్లినేమో పసితనంలోనే తెల్లవాళ్ళు హాస్టలు బడికి పట్టుకుపోయి, జుట్టూ భాషా రెండూ కత్తిరించి పంపారు. ఒంట్లో అమెరికా ఆదివాసులైన చెరోకీల రక్తం ఎన్నో వంతో ఆఫీసు కాగితాల్లో భద్రంగా ఉంది. ఆ లెక్క కట్టిన మహానుభావులకు గోత్రం అడగాలని మాత్రం తోచలేదు.

అందుకే ఏటా వేసవి చిందుల పండగకు, నిప్పు చుట్టూ ఏడు గోత్రాల పందిళ్ళలో అందరూ కూర్చుంటే, క్వేటీ వెనకాల కారు పక్కన మడత కుర్చీ వేసుకునేది. భర్త ఏమస్‌ది తోడేలు గోత్రం. నలభై ఏళ్ళు తన పందిట్లోంచి లేచొచ్చి ఆమెకు కాఫీ ఇచ్చి వెళ్ళేవాడు. పోయిన చలికాలం ఆయన పోయాడు. కూతురి కూతురైన మనవరాలిని ఏ పందిట్లో కూర్చోబెట్టాలని ఇప్పుడు పెద్దలు అడుగుతున్నారు.

కూతురు రోండా అక్కడా ఇక్కడా వాకబు చేసి, వృద్ధాశ్రమంలో ఉన్న ఏకీ అనే ముసలామె దగ్గరకు తల్లిని తీసుకెళ్ళింది. రోండాకు చెరోకీ రాదు. క్వేటీ కాపురానికొచ్చాక ఏమస్ దగ్గరే నేర్చుకుంది.

"మీ అమ్మమ్మా మా అమ్మా ఒకే గోత్రమే పిల్లా. తోడేళ్ళం," అంది ఏకీ చెరోకీలో, క్వేటీ చెయ్యి పట్టుకుని. "ఇన్నాళ్ళూ ఏ గంగలో దూకావు? నాకు కూతురి వరసవు."

ఏమస్‌దీ తోడేలు గోత్రమే. ఒకే గోత్రమంటే అన్నాచెల్లెళ్ళు. పెళ్ళినాడు ఏమస్ అమ్మమ్మ, "తెలియనిదానికి దోషమేముందిలే" అని దీవించింది. ఇప్పుడు తెలిసింది. చెప్పుకుని ఏడవడానికి ఏమస్ కూడా లేడు.

"నీ మొగుడిది ఏ గోత్రం?"

"తెల్లవాడు, పెద్దమ్మా."

"పోన్లే, వాళ్ళకి గోత్రాలెక్కడ ఏడిశాయి," అని ఏకీ బోసినోటితో నవ్వింది.

కారెక్కాక రోండా అడిగింది. "ఏమందమ్మా?"

"మతి పోయింది పాపం. ఎవరూ గుర్తులేరు."

నిజం చెబితే రోండా అన్నాచెల్లెళ్ళకు పుట్టినట్టవదూ? మొగుణ్ణి కాదంది, దొరక్క దొరికిన పెద్దమ్మను పిచ్చిదాన్ని చేసింది. ఇక ఆ గోత్రం తనతోనే మట్టిలో కలవాలి. క్వేటీ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నాన్న గుర్తొచ్చాడనుకుంది కూతురు.

వేసవి వచ్చింది. తోడేళ్ళ పందిట్లోంచి ఆడబిడ్డ కేకేసింది. "వదినా, దొరికిందా గోత్రం? లేకపోతే చెప్పు, మాలో కలిపేసుకుంటాం."

"మీలోనా? కరుస్తారు," అంది క్వేటీ. పందిరంతా నవ్వింది.

ఆమె కారు పక్కన కుర్చీ వేసుకుంది. మనవరాలు తన చిన్న కుర్చీ ఈడ్చుకొచ్చి ఆమె పక్కనే వేసుకుంది.