ఆమెన్ తర్వాతే అన్నం

ఈ ఉదయం కామారెడ్డి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం వచ్చి చేరాలట, నా గుండెకు ఆపరేషన్. చెప్పినావిడ గొంతు పెళ్లికి పిలుస్తున్నంత తియ్యగా ఉంది. సరేనని ఫోన్ పెట్టేసి, గుండె సంగతి వదిలి నా కొడుకు మధ్యాహ్నం అన్నం సంగతి ఆలోచిస్తూ కూర్చున్నాను. మా ఊరు ఎల్లారెడ్డి మీద పొద్దున్నుంచే మబ్బు కమ్ముకుని ఉంది. అలాంటి మబ్బంటే నాకు ఏడాదిగా భయం.

మావాడికి ముప్పై నాలుగేళ్లు. మనిషి నిండుగా ఎదిగాడు, బుద్ధి మాత్రం తనకు ఇష్టమొచ్చిన చోట ఆగిపోయింది. వాడికి వచ్చిన మాట ఒక్కటే, ఆమెన్. అది నేర్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది. రోజూ పళ్లెం ముందు కూర్చోబెట్టి, చేతులు జోడింపజేసి, నేను ప్రార్థన చెప్పి, వాడు పెదవులు కదిపాకే ముద్ద పెట్టేదాన్ని. మాట వచ్చాక ఇక ఆగలేదు. చర్చిలో పాస్టరుగారి ప్రార్థన పొడుగైతే మధ్యలోనే గట్టిగా ఆమెన్ అనేసేవాడు. అందరూ మూసిన కళ్లు తెరవకుండానే నవ్వేవారు, ఆయనా చేసేది లేక ముగించేవారు. వాడి పుణ్యమా అని మా సంఘం ఎన్ని ఆదివారాలు వేళకు భోంచేసిందో! నేను అడిగినవాటికి దేవుడిచ్చిన జవాబు ఆ ఒక్క మాటే అనుకుని మురిసిపోయేదాన్ని.

పోయిన వానాకాలం గుండె పరీక్షలకని కామారెడ్డి వెళ్లాను. వాడికి అన్నం పెట్టమని పక్కింటి అవ్వకు చెప్పాను. సాయంత్రానికి తాడ్వాయి దగ్గర వాగు రోడ్డెక్కింది, బస్సులు ఆగిపోయాయి. మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరలేకపోయాను. అవ్వ గడపలోనే ఎదురైంది.

"నిన్నటి సంది పళ్లెం ముంగట్నే కూసున్నడు బిడ్డా. బతిమాలిన, బెదిరిచ్చిన. ఆఖరికి మీ యేసయ్యకు నేను గూడ మొక్కిన. నా మొక్కు నమ్మలే."

వాడు చేతులు జోడించే ఉన్నాడు. పెదవులు ఎండిపోయాయి. నన్ను చూసి నవ్వాడు. నేను ప్రార్థన చెప్పాకే ఆమెన్ అని ముద్ద ముట్టాడు. నేను నేర్పిన భక్తే నేను పోయిన నాలుగు రోజులకు వాణ్ణి కూడా తీసుకుపోతుందని అప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి ఒక పాపిష్టి పని మొదలుపెట్టాను. రోజూ అన్నం వడ్డించి తలుపు చాటుకు పోతాను. వాడు ఎదురుచూస్తాడు. అన్నం చల్లారిపోతుంది. చివరికి ఉండబట్టలేక నేనే వెళ్లి ప్రార్థన చెబుతాను. గింత కఠినమేందని అవ్వ ఒకసారి కోప్పడింది.

"నేను లేకుంట తినుడు నేర్పుతున్న అవ్వా," అన్నాను.

ఈ మధ్యాహ్నం కూడా పప్పూ అన్నం వడ్డించి తలుపు వెనక నిలబడ్డాను. ఎక్కడో ఉరిమింది. వాడు నా పీట వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. చాలాసేపటికి చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. నేను రోజూ చెప్పే ప్రార్థనకు ఎంతసేపు పడుతుందో అంతసేపూ కదలకుండా కూర్చుని, అప్పుడు ఆమెన్ అన్నాడు. ముద్ద కలుపుకున్నాడు.

కొంగుతో నోరు మూసుకున్నాను. సంతోషం పట్టలేకపోయాను, అంతే భయమూ వేసింది. సోమవారం ఏమవుతుందో దేవుడికి తెలుసు. నేను లేని కాలాన్ని మాత్రం ఈ రోజు తలుపు సందులోంచి చూశాను. అందులో మావాడు అన్నం తింటున్నాడు.