కొత్త బండికి బొట్టు

కల్వకుర్తిలో మా బడి రోబో జట్టుకు నేను గురువునని పేరే గాని, నిజానికి బరువును. ఫిజిక్స్ పాఠమైతే చెప్పగలను. వైరు అతికించబోతే నా వేళ్లే అతుక్కునేవి. పిల్లలే విప్పి, బిగించి, నేల మీద నల్ల టేపు వెంట నడిచే చిన్న బండిని తయారుచేశారు.

జిల్లా పోటీకి ముందురోజు సాయంత్రం పెద్దసారు వచ్చారు. అది నడిస్తేనే జట్టును పంపుతానన్నారు. తీరా స్విచ్ వేస్తే, బండి టేపును వదిలేసి గోడ దారి పట్టింది.

ప్రోగ్రాం మారుద్దామని నేను ల్యాప్‌టాప్ అందుకున్నాను.

"జర ఆగున్రి సార్! పొద్దుగాల మంచిగనే నడిచింది గద. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో సూద్దాం," అంది జట్టు నాయకురాలు.

బండిని తిప్పి చూసి పకపకా నవ్వింది. మధ్యాహ్నం ఆమెకు అన్నం తెచ్చిన అవ్వ, కొత్త బండి కదా అని పసుపు రాసి కుంకుమ పెట్టింది. టేపును చూసే సెన్సర్లను లైట్లనుకుని వాటికీ పెట్టింది.

"కండ్లల్ల బొట్టు పెడ్తరా అవ్వా?" అని, మనవరాలి కోసం ఇంకా గుమ్మం దగ్గరే కూర్చున్న అవ్వనడిగింది.

"నాకేమెరుక బిడ్డా! గీ బండికి మొఖమేదని మీ సారునడిగితే, ఆయనకూ తెల్వదనె."

పిల్లలు సెన్సర్లను తుడిచారు. బండి ప్రతి మలుపూ బుద్ధిగా తిరిగింది. పెద్దసారు మొహం విచ్చుకుంది.

"రేపటికి ఆటో మాట్లాడున్రి."

"అవ్వను గూడ తోల్కపోదామా సార్?" అని నాయకురాలు ఆయన్నే అడిగింది.

"తోల్కపోదాం. కుంకుమ డబ్బ మాత్రం ఇంట్ల పెట్టి రమ్మను."