మేడమ్ గుమ్మానికి తలకిందుల కలబంద

నా పాడు తెలివి వల్ల ఢిల్లీలో నాకు అన్నం పెట్టే పని కాస్తా ఊడబోయింది. ఎలాగో వినండి, నవ్వితే నవ్వండి.

మెట్రో మా వైపు ఇంకా రాని రోజులు. మా ఆయన పోయాక వసంత్ కుంజ్‌లో ఒక పంజాబీ మేడమ్ ఇంట్లో వంటకు కుదిరాను. మిద్దె మీద గది వాళ్లదే. పని పోతే గదీ పోతుంది. ఒక ఎండాకాలం తన అత్తగారితో ఊరెళ్తూ మేడమ్ బాల్కనీలో ఎనిమిది కలబంద కుండీలు చూపించింది. రోజూ ఆ గుజ్జే మొహానికి రాసుకునేది.

"దీదీ, వీటిని జాగ్రత్తగా చూసుకో."

"ఠీక్ హై మేడమ్, కన్నబిడ్డల్లా చూసుకుంటా!"

నేను గోదావరి దాన్ని. వరి నాట్లు వేసిన చేతికి ప్రేమంటే నీళ్లు పోయడమే. పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు, పాపం ఎండ అని మధ్యాహ్నం ఇంకో చెంబెడు. పది రోజులకి ఏడు మొక్కలు బాగా ఉడికిన సొరకాయ ముక్కల్లా కూలబడ్డాయి. వాసన సంగతి అడక్కండి.

మిగిలింది ఒక్కటి. అప్పుడు నా బుర్ర వెలిగింది. మా ఊళ్లో దిష్టికని కలబందను వేళ్లతో పీకి గుమ్మానికి తలకిందులుగా కడతాం. మట్టీ నీళ్లూ లేకుండానే నెలలు బతుకుతుంది. నా చెంబుకు అందకుండా ఉండటమే దానికి క్షేమమని వేళ్లు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎర్రగుడ్డతో మేడమ్ గుమ్మానికి కట్టేశాను.

మర్నాడే దిగారు. అత్తగారు తలెత్తి చూసి కెవ్వుమంది.

"హే భగవాన్! యే క్యా టాంగ్ దియా? ఏంటిది వేలాడదీశావ్?"

"కలబంద, మాతాజీ! మంచిదే!"

మేడమ్ బాల్కనీలోకి పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చింది.

"ఏడూ చచ్చాయి! ఏం చేశావ్?"

"నీళ్లు పోశాను మేడమ్."

"నీళ్లు పోస్తే మొక్కలు చస్తాయా? రేపట్నుంచి రావద్దు. గది ఖాళీ చెయ్!"

ఇంతలో అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుని లాగింది.

"చుప్ కర్, బహూ! ఏడు మొక్కల్ని నీళ్లతోనే చంపింది. రేపు ఆ గుమ్మానికి ఎవర్ని కడుతుందో!"

నా వైపు తిరిగేసరికి ఆవిడ గొంతులో బెల్లం పాకం.

"నిలబడ్డావేం బేటీ? కూర్చో. చాయ్ తాగుతావా?"

చాయ్ ఆవిడే పెట్టింది. కలబందను విప్పే ధైర్యం ఎవరూ చేయలేదు, నన్ను పంపే ధైర్యం అసలే లేదు. ఇంకో ఆరేళ్లు వండాను. పప్పులో ఉప్పు ఎక్కువైనా ఇద్దరూ "బహుత్ అచ్ఛా" అంటూనే తిన్నారు.

నాకు మంత్రాలు రావని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఇక ఈ జన్మలో ఎవరి మొక్కకూ చుక్క నీరు పోయనని మాత్రం దేవుడి ముందు కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టుకున్నాను. పోయమని అడిగే ధైర్యం ఎవరికుంది గనక!